‘పాపం, చిన్నపిల్లల తల్లి’ అన్న జాలి దగ్గర ఆగే ప్రమోషన్లు

ప్రశ్న: నాకు 35 ఏళ్ళు. ప్రభుత్వ రంగ బ్యాంకులో స్కేల్ 2 (ఆఫీసర్ల హోదాల్లో రెండో మెట్టు) ఆఫీసర్ని. ఐదేళ్ళుగా విజయవాడ రీజనల్ ఆఫీసులోనే ఉన్నాను. మావారి ఉద్యోగం ఇక్కడే, బాబుకి ఐదేళ్ళు. నా బ్యాచ్ మగవాళ్ళిద్దరు స్కేల్ 3 అయిపోయారు. నా ఏపీఏఆర్ (ఏటా పనితీరు మీద రాసే రిపోర్టు) మార్కులు వాళ్ళకంటే తక్కువేం కాదు. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి ఆగిపోయాను. ‘ఫీల్డ్ ఎక్స్‌పోజర్ తక్కువ’ అన్నారట, అంటే బ్రాంచిలో చేసిన అనుభవం తక్కువని. లోపం నాదా, లేక ఆడదాన్నని ఇలా చేస్తున్నారా? ఈసారి ప్రమోషన్‌కి రాయాలా, వద్దా?

జవాబు:

నేను 1983లో క్లర్కుగా చేరి, 2021లో ఏజీఎం (అసిస్టెంట్ జనరల్ మేనేజర్)గా రిటైరయ్యాను. చివరి పదేళ్ళలో చాలాసార్లు ప్రమోషన్ ఇంటర్వ్యూల్లో బల్లకి అటువైపు కూర్చున్నాను, పోస్టింగుల జాబితాలు తయారుచేసే గదిలోనూ కూర్చున్నాను. కాబట్టి మీకు చెప్పబోయేదాంట్లో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది.

ముందు ఆ ‘ఫీల్డ్ ఎక్స్‌పోజర్ తక్కువ’ అన్న మాట. అది అబద్ధం కాదు. ఐదేళ్ళు రీజనల్ ఆఫీసులో ఉన్నవాళ్ళకి ఫీల్డ్ ఎక్కడినుంచి వస్తుంది? మీరు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఐదేళ్ళ క్రితం ఆ ఆఫీసుకి మీరు అడిగి వచ్చారా, వాళ్ళు తెచ్చి కూర్చోబెట్టారా? బాబు వయసు చూస్తే నాకో అనుమానం. మెటర్నిటీ లీవ్ అయ్యి డ్యూటీలో చేరిన వారంలోనే ‘ఏమ్మా, నీకు ఇబ్బంది లేకుండా రీజనల్ ఆఫీసులో వేశాం’ అని ఎవరో పెద్దమనసుతో చెప్పి ఉంటారు. మీరూ చేతులు జోడించి థ్యాంక్స్ చెప్పి ఉంటారు. అప్పుడు దాన్ని మేలు అన్నారు, ఐదేళ్ళయ్యాక ఇంటర్వ్యూలో అదే మీ లోపమైంది. నేను చూసినంతలో మన బ్యాంకుల్లో ఆడవాళ్ళ ప్రమోషన్లు ద్వేషం వల్ల ఆగినవి తక్కువ. జాలి వల్ల ఆగినవే ఎక్కువ. ఆ జాలి ఎవరూ మనల్ని అడిగి పడరు.

నా తప్పు చెబుతాను. 2012 మొదట్లో ఒక సాయంత్రం, బ్రాంచ్ మేనేజర్ పోస్టింగుల జాబితా పట్టుకుని నలుగురం కూర్చున్నాం. నేనొక్కదాన్నే ఆడదాన్ని. విశాఖ ఏజెన్సీలో ఒక బ్రాంచి ఖాళీగా ఉంది. రెండేళ్ళు అక్కడ చేస్తే రూరల్ సర్వీసూ, బ్రాంచ్ హెడ్ అనుభవమూ రెండూ ఒకేసారి లెక్కలోకి వస్తాయి. సీనియారిటీ ప్రకారం మొదటి పేరు ఒక లేడీ ఆఫీసర్‌ది. క్రెడిట్‌లో, అంటే అప్పుల పనిలో, చురుకైన పిల్ల. పక్కనున్నాయన పెన్సిల్ పట్టుకుని ‘పాపం, ఆ అమ్మాయికి బాబు పుట్టి ఏడాదైనా కాలేదు, కొండల్లోకి ఎందుకు మేడం?’ అన్నాడు. అందరికంటే ముందు తల ఊపింది నేను. రెండో పేరు మగ ఆఫీసర్‌ది. ఆయనకీ ఆ నెలలోనే పాప పుట్టింది, రీజనల్ ఆఫీసంతా పూతరేకులు పంచిపెట్టాడు కూడా. ఆయన పేరు దగ్గర ఎవరూ పాపం అనలేదు. టిక్ పెట్టి తర్వాతి బ్రాంచికి వెళ్ళిపోయాం. మొత్తం ఒక నిమిషం పట్టి ఉంటుంది.

రెండేళ్ళ తర్వాత ఆయన స్కేల్ 3. ఆ అమ్మాయి అక్కడే. ఒకరోజు ఏదో ఫైలు మీద నా క్యాబిన్‌కి వచ్చి, వెళ్ళబోతూ ఆగి అడిగింది. ‘మేడం, అప్పుడు నన్ను ఒక్కమాట అడిగి ఉండాల్సింది. ఆ బ్రాంచికి పన్నెండు కిలోమీటర్లలో మా అమ్మావాళ్ళ ఊరు. బాబుని అమ్మ చూసుకునేది’ అంది. గొంతులో కోపం కూడా లేదు. నేను ఏమీ అనలేకపోయాను. చిన్నపిల్లాడి తల్లిని ఇబ్బంది పెట్టే పోస్టింగ్ అని మేం కొట్టేసింది, ఆమెకి జిల్లా మొత్తంలో అన్నిటికంటే అనువైనది. ఫోన్ చేసి అడిగితే ఒక నిమిషంలో తెలిసేది.

ఆ తర్వాత నేను కూర్చున్న ప్రతి జాబితాలో ఒక పద్ధతి పెట్టాను. ఎవరి పేరైనా కుటుంబ కారణం చెప్పి తీసేయాలంటే, ముందు వాళ్ళకి ఫోన్ చేసి అడగాలి, ఆడైనా మగైనా. కొంతమంది సహోద్యోగులకి ఇది చాదస్తంగా అనిపించింది. కానీ ఫోన్ చేసినవాళ్ళలో ‘వెళ్తాను’ అన్న ఆడవాళ్ళ సంఖ్య చూసి నేనే ఆశ్చర్యపోయాను. ‘అమ్మో, నావల్ల కాదు సార్’ అన్న మగవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని అంతకుముందు అడిగిన నాథుడే లేడు.

ఇక ఇంటర్వ్యూ సంగతి. మీ ఏపీఏఆర్ మార్కులు బాగున్నా ఇంటర్వ్యూలో ఎందుకు ఆగిపోతున్నారు? ఏపీఏఆర్‌లో మార్కులు చేసిన పనికి. ఇంటర్వ్యూలో మార్కులు చేయగలరు అన్న నమ్మకానికి. ఈ రెండోదాన్ని కొలిచే తక్కెడే సరిగా ఉండదు. ఉత్తర అమెరికాలో ఒక పెద్ద రిటైల్ సంస్థ ఉద్యోగుల రికార్డులు తీసి బెన్సన్, లీ, షూ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఇదే లెక్క వేశారు. పనితీరుకి ఆడవాళ్ళకి సగటున మగవాళ్ళకంటే ఎక్కువ మార్కులే వచ్చాయి. ‘పొటెన్షియల్’ అనే గడిలో మాత్రం తక్కువ వచ్చాయి. చివరికి ఆడవాళ్ళు ప్రమోట్ అయ్యే అవకాశం 14 శాతం తక్కువగా తేలింది. ఇంకో విషయం, పొటెన్షియల్ తక్కువ వేసిన ఆడవాళ్ళే తర్వాతి ఏడాది ఆ అంచనాని దాటి పని చేశారు. అయినా ఆ తర్వాత కూడా వాళ్ళకి పొటెన్షియల్ తక్కువే వేశారు. అమెరికా షాపుల లెక్క మన బ్యాంకుకి అచ్చంగా సరిపోతుందని అనను. కానీ చదువుతుంటే మా ఇంటర్వ్యూ గది గుర్తుకొచ్చింది.

ఆ గదిలో అడిగేవి మీకు తెలుసు. ‘మీవారు ఎక్కడ చేస్తారు?’ ‘బాబుని ఎవరు చూసుకుంటారు?’ ‘శ్రీకాకుళం వేస్తే వెళ్తారామ్మా?’ చివరి ప్రశ్న మగవాళ్ళనీ అడుగుతారు, కాకపోతే నవ్వుతూ అడుగుతారు. ఆడవాళ్ళని అడిగేటప్పుడు అది పరీక్ష. ఒక సెకను ఆలోచించి ‘వెళ్తాను సార్’ అన్నా, ఆ సెకనుకి మార్కు పోతుంది. నేను ప్యానెల్లో ఉన్నప్పుడు ఒక అభ్యర్థిని ‘మీ భార్యగారు ఉద్యోగం చేస్తున్నారా, పిల్లల సంగతేంటి?’ అని కావాలనే అడిగాను. ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు, ప్యానెల్ చైర్మన్ గారికి కూడా అర్థం కాలేదు.

ఇంకోటి, మీరు ప్రశ్నలో రాయలేదు గానీ అడుగుతున్నాను. రీజనల్ ఆఫీసులో ఉమెన్స్ డే ఫంక్షన్ ఎవరు చేస్తారు? హిందీ పఖ్వాడా (హిందీ పక్షోత్సవాల)లో ప్రైజులు కొనేదెవరు? ఆడిట్ టీం వస్తే భోజనాలు, చీఫ్ జనరల్ మేనేజర్ గారి విజిట్‌కి బొకే, రిటైర్‌మెంట్ ఫంక్షన్‌కి యాంకరింగ్? ఈ జాబితాలో సగం మీ పేరు ఉంటుందని పందెం కాస్తాను. ఇవన్నీ చేయాల్సిన పనులే. కానీ వీటికి ఏపీఏఆర్‌లో గడి లేదు. లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు పరిశోధకులు 2017లో అచ్చువేసిన ప్రయోగాల్లో, ఎవరో ఒకరు నెత్తినేసుకోక తప్పని, పేరు రాని పనికి ఆడవాళ్ళు మగవాళ్ళకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా ముందుకొచ్చారు. ఆడవాళ్ళే ఉన్న గుంపుల్లో, మగవాళ్ళే ఉన్న గుంపుల్లో చూస్తే మాత్రం ఆ తేడా లేదు. అంటే మన స్వభావంలో ఏదో ఉండి కాదు, పక్కన ఆడమనిషి ఉంటే ఆమె చేస్తుందిలే అని అందరూ, ఆమెతో సహా, అనుకోవడం వల్ల. ఈ మార్చి 8కి బాధ్యత వేరొకరికి ఇవ్వమనండి. ఆ గంటల్లో ఒక అప్పు దరఖాస్తు పరిశీలిస్తాననండి. ముఖం మాడ్చుకుంటారు, ఫర్వాలేదు.

ఇక ‘స్కేల్ 3 ఒక ఏడాది ఆలస్యమైతే ఏమైంది’ అనేవాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉంటారు. మన బ్యాంకుల్లో పైకి వెళ్ళడమంతా ఏళ్ళ లెక్క. ప్రతి స్కేల్లో కనీసం ఇన్నేళ్ళు చేయాలి, పై పోస్టులకైతే రిటైర్‌మెంట్‌కి ఇన్నేళ్ళు మిగిలుండాలి. అరుంధతీ భట్టాచార్య 1977లో ప్రొబేషనరీ ఆఫీసర్‌గా చేరి, 2013లో స్టేట్ బ్యాంక్ తొలి మహిళా చైర్మన్ అయ్యారు. మధ్యలో 36 ఏళ్ళు. ఆ దారిలో ఎక్కడ మూడేళ్ళు ఆగినా ఆ కుర్చీ దాకా చేరడం కష్టం. ఆమె తర్వాత 2017లో, 2020లో, 2024లో వచ్చిన ముగ్గురు చైర్మన్లూ మగవాళ్ళే. పైన ఆడవాళ్ళెందుకు లేరని పైకి చూస్తారు గానీ, తేడా స్కేల్ 1, 2, 3 దగ్గరే, 30–40 ఏళ్ళ మధ్యలోనే పడుతుంది. పిల్లలు పుట్టేదీ అప్పుడే. భట్టాచార్య హయాంలో పిల్లల కోసం, పెద్దవాళ్ళ సేవ కోసం మహిళా ఉద్యోగులు రెండేళ్ళదాకా సెలవు తీసుకునే వీలు కల్పించారు. ఉద్యోగం వదిలేయకుండా ఉండడానికి అదొక దారి. నన్నడిగితే ఆ సెలవు మగవాళ్ళకీ ఇవ్వాలి. వాళ్ళకి లేనంతకాలం ఇంట్లో ఎవరు సెలవు పెట్టాలన్న చర్చే రాదు.

నా సంగతి చూడండి. 1995లో నాకు స్కేల్ 2 వచ్చింది, అనంతపురం జిల్లాలో పోస్టింగ్. రెండో పిల్ల నెలల బిడ్డ, అత్తగారికి ఒంట్లో బాగుండేది కాదు. మూడు లైన్ల ఉత్తరం రాసి ప్రమోషన్ వదులుకున్నాను. దాన్ని ఫోర్‌గో చేయడం అంటారు. ఎవరూ బలవంతపెట్టలేదు, నేనే రాశాను, సంతకం కూడా వణకలేదు. మళ్ళీ నాకు అవకాశం రావడానికి మూడేళ్ళు పట్టింది. చాలాకాలం ‘నన్నెవరూ ఆపలేదు, నేనే ఆగాను’ అని గర్వంగా చెప్పుకునేదాన్ని. 1997లో మావారికి ప్రమోషన్ మీద కర్నూలు వేశారు. ఆర్డరు వచ్చిన రోజు రాత్రి మా ఇంట్లో సూట్‌కేస్ ఏది పెద్దదన్న దాని మీదే మాటలు జరిగాయి. వెళ్ళాలా వద్దా అన్నది అసలు మాటల్లోకే రాలేదు. నా ఆర్డరు వచ్చినప్పుడు మూడు రోజులు నిద్రపోలేదే, ఆయనది వచ్చినప్పుడు గంటలో అయిపోయిందే అని నాకు తట్టడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. మావారు మంచివారే. ఆయనకీ తట్టలేదు.

మగ ఆఫీసర్లకీ బదిలీలు కష్టమే, కాదనను. శనివారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో చూడండి, భుజాన బ్యాగు, చేతిలో ఖాళీ పచ్చడి సీసాలు. సగంమంది బ్యాంకు మేనేజర్లే. వాళ్ళ తగువు కూడా ఒకటుంది. ‘ఆడవాళ్ళకి సిటీ, మాకు అడవులు’ అంటారు. 2014 ఆగస్టులో ఆర్థిక శాఖ, పెళ్ళయిన మహిళలకి వీలైనంతవరకు భర్త ఉన్నచోట, పెళ్ళికాని వాళ్ళకి తల్లిదండ్రులు ఉన్నచోట పోస్టింగ్ ఇవ్వమని ప్రభుత్వ రంగ బ్యాంకులకి సూచించింది. మంచిదే. కానీ పోస్టింగ్ దగ్గరగా ఇచ్చి, ప్రమోషన్‌కి మాత్రం దూరాన చేసిన బ్రాంచే కావాలంటే, ఒక చేత్తో ఇచ్చింది రెండో చేత్తో తీసుకున్నట్టే. పైగా దగ్గరంటే రీజనల్ ఆఫీసే అని ఎవరన్నారు? ఆర్‌బీఐ లెక్కలో పదివేల లోపు జనాభా ఉంటే రూరల్, పదివేల నుంచి లక్ష లోపు సెమీ అర్బన్. మీ విజయవాడ చుట్టూ ఉయ్యూరు, నూజివీడు లాంటివి సెమీ అర్బన్ కిందికే వస్తాయి. ఉయ్యూరు ఇంటినుంచి రోజూ వెళ్ళొచ్చే దూరం. మీ బ్యాంకు ప్రమోషన్ పాలసీలో ఏది లెక్కకొస్తుందో ఆ సర్క్యులర్ మీరే తీసి చదవండి, క్యాంటీన్లో చెప్పింది నమ్మకండి.

బ్రాంచి అంటే భయముంటే అదీ చెబుతాను. ఉంటుంది. పొద్దున్నే స్ట్రాంగ్ రూమ్ తాళం జాయింట్ కస్టడీ (ఇద్దరి దగ్గర చెరొకటి), ఒక తాళం మీ దగ్గరుంటే బాబుకి జ్వరమొచ్చినా మీరు వెళ్ళేదాకా క్యాష్ బయటికి రాదు. నేను చేసిన ఒక పాత బ్రాంచిలో లేడీస్‌కి టాయిలెట్టే లేదు, పక్క స్కూలుకి వెళ్ళేవాళ్ళం. ‘లేడీ మేనేజరా?’ అని గుమ్మంలోనే వెనక్కి తిరిగిన రైస్ మిల్లు ఓనర్ని చూశాను, ఆర్నెల్లకి ఆయన తన అప్పు లిమిట్ రెన్యువల్‌కి నా ఎదుటే కూర్చున్నాడు. కానీ డ్వాక్రా సంఘాలున్న మన ప్రాంతంలో ఆడ మేనేజర్‌కి ఉన్న సుళువు ఎవరూ చెప్పరు. స్వయం సహాయక సంఘాలకి బ్యాంకు అప్పులివ్వడం 1992లో నాబార్డ్ (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) ఐదువందల సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టింది. తర్వాత అవి మన దగ్గర అల్లుకున్నంతగా ఎక్కడో గానీ అల్లుకోలేదు. మా డెల్టా బ్రాంచిలో మీటింగంటే అరుగుమీద చాప పరిచేవాళ్ళు. ఏ సంఘంలో డబ్బు లీడర్ దగ్గరే తిరుగుతోందో, ఎవరి మొగుడు తాగి వాయిదా డబ్బులు లాక్కెళ్ళాడో నాకు చాపమీదే తెలిసిపోయేది. నాకు ముందున్న మేనేజర్‌కి కుర్చీ వేసేవాళ్ళు, ఆయనకి తెలిసేది కాదు. ఆ బ్రాంచిలో సంఘాల ఖాతా ఒక్కటీ ఎన్‌పీఏ (మొండి బాకీ) కానివ్వలేదు. మీ రీజియన్లో సంఘాలెక్కువున్న బ్రాంచి ఏదో చూడండి.

చట్టం సంగతి క్లుప్తంగా. విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ, తనకి పై గ్రేడు ప్రమోషన్ ఇవ్వలేదని సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ సర్వీసులో ఆడవాళ్ళు పెళ్ళికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని రూలుండేది, కుటుంబ బాధ్యతలు అడ్డొస్తాయనుకుంటే రాజీనామా చేయమనే వీలూ ఉండేది. కేసు నడుస్తుండగానే ఆమెకి ప్రమోషన్ ఇచ్చేశారు. 1979 తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలని గట్టిగా తప్పుపట్టారు. 2020 ఫిబ్రవరిలో సైన్యంలో మహిళల కేసులోనూ ప్రభుత్వం మాతృత్వం, ఇంటి బాధ్యతలు అని వాదిస్తే, అవి మూసపోసిన అభిప్రాయాలని కోర్టు తోసిపుచ్చింది. నలభై ఏళ్ళు గడిచినా వాదన మారలేదు. అలాగని మీరిప్పుడు కేసు వేయమనను. ‘పాపం’ అన్న మాటకి ఫైల్లో ఆధారం ఉండదు. మీ కేసులో కాగితం లేదు, ముందు కాగితం తయారుచేసుకోండి.

ఎలాగంటే, మీ రీజనల్ మేనేజర్‌కి ఒక మెయిల్ పెట్టండి. బ్రాంచ్ హెడ్ పోస్టింగ్‌కి సిద్ధంగా ఉన్నానని, ఫలానా మూడు బ్రాంచిలు అనుకూలమని, పేర్లతో రాయండి. ‘ఎక్కడైనా సరే’ అని రాయకండి. అది ధైర్యంలా కనిపిస్తుంది, తీరా ఇచ్ఛాపురం వేస్తే నాలాగే వదులుకోవాల్సొస్తుంది. ‘కుటుంబ కారణాల వల్ల నన్ను పరిగణించకపోతే దయచేసి ముందు నన్ను అడగండి’ అని ఒక వాక్యం చేర్చండి. ఒకవేళ దూరమే వస్తే, చిన్న ఊళ్ళో ఒంటరి ఆడమనిషికి ఇల్లివ్వరు కాబట్టి, బ్యాంకు పేరుమీద లీజ్ చేసిన ఇల్లు అడగండి. ఓనర్లు బ్యాంకంటే ఒప్పుకుంటారు. ఇంటర్వ్యూలో బాబు ప్రశ్న వస్తే సంజాయిషీ వద్దు. ‘ఏర్పాటు చేసుకున్నాం సార్’ అని, వెంటనే మీ అంకెల్లోకి వెళ్ళిపోండి. ఆ ‘చేసుకున్నాం’ నిజం కావాలంటే ముందు మీవారితో కూర్చోవాలి. నేను మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

కాబట్టి లోపం మీదా, వాళ్ళదా అంటే, ఫీల్డ్ లేకపోవడం మీ రికార్డులో నిజమే, దాన్ని అలా తయారుచేసింది మాత్రం మీరొక్కరే కాదు. రాయాలా వద్దా అంటే, రాయండి. ఈసారి రాకపోయినా బ్రాంచి మాత్రం తీసుకోండి, వచ్చేసారికి వాళ్ళు చెప్పడానికి ఆ కారణం మిగలదు. మెయిల్ మాత్రం మార్చి నెలాఖర్లో పెట్టకండి, ఇయర్ ఎండింగ్ టెన్షన్‌లో ఎవరూ తెరిచి చూడరు. ఏప్రిల్ రెండో వారంలో, బదిలీల జాబితాలు కదిలే ముందు పెట్టి, మర్నాడు స్వయంగా వెళ్ళి క్యాబిన్‌లో కలవండి.